పసిపిల్లల కారు సీటును ఎప్పుడు మార్చాలి: విశాఖ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇద్దరు పిల్లలను పెంచే క్రమంలో నేను మూడు కారు సీట్లు కొన్నాను, వాటిలో ఒకదాన్ని చేతులారా కోసి పారేశాను. అప్పటినుంచి ఎం.వి.పి. కాలనీలోని మా అపార్టుమెంటులో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఈ సీట్ల గురించిన సందేహాలు మా గుమ్మానికే వస్తున్నాయి. ఎక్కువసార్లు విన్న ప్రశ్నలను నేను చెప్పే సమాధానాలతో సహా ఇక్కడ రాశాను. వీటన్నింటి వెనుకా ఉన్న అభిప్రాయం ఒక్కటే: మనం పిల్లలను పై దశ సీటులోకి మార్చడంలో తొందరపడతాం, పాడైన సీటును వదిలించుకోవడంలో మాత్రం ఆలస్యం చేస్తాం. జరగవలసింది సరిగ్గా దీనికి తలకిందులుగా.

సీటు మార్చడానికి వయసు చూడాలా, బరువు చూడాలా, ఎత్తు చూడాలా?

ముందుగా సీటు మీద అంటించిన లేబుల్ చూడాలి. ప్రతి సీటుకూ తయారీదారు ఒక బరువు పరిమితినో, ఎత్తు పరిమితినో, రెండింటినీనో నిర్ణయిస్తాడు, వాటిలో ఏది ముందు దాటినా ఆ సీటు ఆ బిడ్డకు చాలనట్టే. వయసు కేవలం ఒక అంచనా. ఒకే నెలలో పుట్టిన ఇద్దరు పిల్లల మధ్య రెండు మూడు కిలోల తేడా ఉండటం మనకు కొత్త కాదు.

మన దుకాణాల్లో దొరికే సీట్లలో చాలావాటి మీద ఐరోపా ప్రమాణమైన ఆర్44 ముద్ర కనిపిస్తుంది. దాని ప్రకారం 0+ వర్గం సీటు 13 కిలోల వరకు, 1వ వర్గం 9 నుంచి 18 కిలోల వరకు, 2వ వర్గం 15 నుంచి 25 వరకు, 3వ వర్గం 22 నుంచి 36 కిలోల వరకు పనికివస్తాయి. 2013లో వచ్చిన ఆర్129 ప్రమాణం, అంటే ఐ-సైజ్ అని పిలిచేది, బరువుకు బదులు బిడ్డ ఎత్తును సెంటీమీటర్లలో లెక్కలోకి తీసుకుంటుంది. మన దేశ ప్రమాణం ఏఐఎస్-072. మన దుకాణాల్లో కొనే సీటు లేబుల్ మీద వీటిలో ఏ ముద్రా లేకపోతే, అది ఎంత మెత్తగా, ఎంత అందంగా ఉన్నా కారు సీటుగా లెక్కపెట్టకండి.

వర్గాల హద్దులు ఒకదాని మీద ఒకటి పడటం గమనించే ఉంటారు. 9 కిలోలకు 1వ వర్గంలోకి వెళ్లవచ్చు అన్న మాటను చాలామంది వెళ్లాలి అని చదువుకుంటారు. 13 కిలోల దాకా పాత సీటులోనే ఉండవచ్చన్న అవతలి సగం ఎవరి కంటా పడదు.

బాబుకు ఏడాది నిండింది. వెనక్కి తిరిగి ఉన్న సీటును ముందుకు తిప్పవచ్చా?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సింహాచలం వెళ్లి పుట్టువెంట్రుకలు తీయించి, తిరుగు ప్రయాణంలో సీటు కూడా ముందుకు తిప్పేసిన కుటుంబాలు నాకు తెలుసు. బిడ్డ రోడ్డు చూడాలని, మనం బిడ్డ ముఖం చూడాలని ఉండటం సహజమే. అయినా నా సమాధానం, వద్దు అనే.

పసిబిడ్డ తల పెద్దది, మెడ బలహీనం. పుట్టినప్పుడు ఒంటి పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది, మెడ ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది. ఎదురుగా ఏదైనా ఢీకొన్నప్పుడు, ముందుకు తిరిగిన సీటులో ఒంటిని పట్టీలు ఆపుతాయి కానీ తలను ఆపేది ఏదీ లేక, ఆ లాగుడంతా మెడ మీదే పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే అదే తాకిడిని సీటు వీపు మొత్తంగా అందుకుని తలకూ, మెడకూ, నడుముకూ సమంగా పంచుతుంది. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో తన సూచనలను సవరిస్తూ, రెండేళ్లు అన్న వయసు గీతను తొలగించి, ఆ సీటు అనుమతించే గరిష్ఠ బరువు లేదా ఎత్తు వచ్చేదాకా వెనక్కి తిప్పే ఉంచమని చెప్పింది. ఆర్129 ప్రమాణం ప్రకారం 15 నెలలు నిండకముందు ముందుకు తిప్పడానికి అసలు వీలులేదు, అదీ కనీస హద్దే తప్ప మంచి ముహూర్తం కాదు.

కానీ వాడి కాళ్లు కారు వెనుక సీటు వీపుకు ఆనుకుని ముడుచుకుపోతున్నాయి కదా?

ముడుచుకోనివ్వండి. పిల్లలు నేల మీద కూర్చున్నా బాసింపట్టు వేసుకునే కూర్చుంటారు, కాళ్లు మడిచి కూర్చోవడం వాళ్లకు ఇబ్బంది కాదు, చూసే మనకు ఇబ్బంది. మీరు చూడవలసింది తలను. మామూలుగా తల పైభాగానికీ, సీటు పై అంచుకూ మధ్య కనీసం 2.5 సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి, మీ సీటు మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. ఆ ఖాళీ పోయిన రోజున ఆ సీటు వెనుక చూపుకు చాలదు. చేతితో మోసుకెళ్లే బుట్ట సీట్లలో బరువు హద్దు కంటే ఈ ఎత్తు హద్దే తరచుగా ముందు వస్తుంది. అప్పుడు కూడా నేరుగా ముందు చూపు సీటు కొనకండి, వెనక్కీ ముందుకీ రెండు విధాలా వాడుకోగల పెద్ద సీటు కొని, దాన్ని మళ్లీ వెనక్కే తిప్పి బిగించండి.

నెలల బిడ్డకు సీటు ఎందుకు? అమ్మమ్మ ఒడిలో భద్రంగానే ఉంటుంది కదా?

ఒడిలో ప్రేమ ఉంటుంది, పట్టు ఉండదు. గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్తున్న కారు దేనికైనా గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకుందాం. లెక్క కడితే ఆ క్షణంలో 10 కిలోల బిడ్డను పట్టుకోవడానికి దాదాపు 200 కిలోల బరువును ఆపేంత బలం కావాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే మొదటి ప్రయాణానికే సీటు సిద్ధంగా ఉండాలి. నెలలు నిండకుండా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ అయితే, సీటు కనీస బరువు ఎంతో లేబుల్‌లో చూసి, డిశ్చార్జి ముందే పిల్లల డాక్టరును అడగండి.

గడ్డం ఛాతీకి ఆనుకునేలా తల ముందుకు వాలిపోతుంటే పసిబిడ్డకు ఊపిరి అందదు, సీటు వంపును సరిచేయాలి. ప్రయాణం ముగిశాక బిడ్డను అదే బుట్టలో నిద్రపుచ్చే అలవాటు కూడా మంచిది కాదు.

సీటుకు కూడా ఎక్స్‌పైరీ తేదీ ఉంటుందా?

ఉంటుంది. చాలా కంపెనీలు తయారైన తేదీ నుంచి 6 ఏళ్ల నుంచి 10 ఏళ్ల వరకు గడువు ఇస్తాయి. కొన్న తేదీ నుంచి కాదు, తయారైన తేదీ నుంచి. దుకాణం గోడౌనులో రెండేళ్లు పడి ఉన్న సీటును తగ్గింపు ధరకు కొంటే, ఆ రెండేళ్లు మీ ఖాతాలోనే పోయినట్టు.

సీటును బోర్లించి చూస్తే అడుగునో వీపునో తేదీ దొరుకుతుంది. కొన్నిటిలో తేదీని అచ్చువేసిన స్టిక్కరు ఉంటుంది. కొన్నిటిలో ప్లాస్టిక్ మీదే చిన్న గడియారం వంటి ముద్ర ఉంటుంది, చుట్టూ 1 నుంచి 12 వరకు నెలల అంకెలు, మధ్యలో సంవత్సరం, నెలను చూపే బాణం గుర్తు. గడువు ఎన్నేళ్లో మాన్యువల్‌లో ఉంటుంది. ఇది కంపెనీల వ్యాపార ఎత్తు అనుకునేవాళ్లున్నారు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అయితే ప్లాస్టిక్ ఎండకు పెళుసవుతుంది, పట్టీల నేత అరుగుతుంది, ప్రమాణాలు మారతాయి, పాత నమూనాకు విడి భాగాలు దొరకవు. నాలుగు కారణాల్లో మొదటి రెండూ మన ఊళ్లో మరీ నిజం.

విశాఖ ఎండ, ఉప్పుగాలి సీటును నిజంగా పాడుచేస్తాయా?

బయట 35 డిగ్రీలు ఉన్న రోజున అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటడానికి అరగంట చాలు. ఏప్రిల్, మే నెలల్లో రోజూ ఇలా కాగి, రాత్రికి చల్లారే ప్లాస్టిక్ మీద కొన్నేళ్లకు వెంట్రుకవాసి బీటలు, తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. ఏడాదికి రెండుసార్లు గుడ్డ కవరు తీసి, లోపలి ప్లాస్టిక్‌నూ, దాని మీద అమర్చిన థర్మాకోల్ వంటి నురుగునూ వెలుతురులో పరీక్షించండి. బీట కనిపిస్తే గడువు ఎంత మిగిలి ఉన్నా సీటు మార్చవలసిందే, జిగురు పెట్టి అతికించడం మరమ్మతు కాదు.

ఉప్పుగాలి పని ఇనుము మీద. బెల్టు దారి పొడవునా, పిల్లల సీటును బెల్టు లేకుండా నేరుగా కారుకు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేల దగ్గర, బకిల్ లోపల తుప్పు మొదలైందేమో చూడండి. ఇక ఆర్.కె. బీచ్ నుంచో రుషికొండ నుంచో పిల్లల కాళ్లతో వచ్చే ఇసుక బకిల్‌లో చేరితే, పట్టీ చివరి నాలుక లోపలికి వెళ్లినా "టక్కు"మన్న చప్పుడు రాదు. ఆ చప్పుడు రాకపోతే పట్టీ పడనట్టే. చాలామంది వెంటనే కొబ్బరినూనె చుక్క వేస్తారు. వేయకండి, నూనెకు ఇంకా ఇసుక అంటుకుంటుంది. మాన్యువల్ అనుమతిస్తే బకిల్‌ను గోరువెచ్చని మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టవచ్చు. అప్పటికీ చప్పుడు రాకపోతే తయారీదారు దగ్గర ఆ ఒక్క భాగం దొరుకుతుందేమో అడగండి.

అరకు ఘాట్‌లో పాప సీటు మీద వాంతి చేసుకుంది. పట్టీలను వాషింగ్ మెషీన్‌లో వేయవచ్చా?

వేయకూడదు. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కాక ఇది దాదాపు ప్రతి ఇంటి అనుభవమే కనుక ముందే తెలుసుకోవడం మంచిది. గుడ్డ కవరును మాన్యువల్‌లో చెప్పినట్టు ఉతకవచ్చు. పట్టీలను మాత్రం నీళ్లలో నానబెట్టకుండా, బ్లీచ్ తగలనీయకుండా, తడిగుడ్డకు కొద్దిగా సబ్బు రాసి తుడవాలి. మెషీన్ తిప్పుడుకూ, రసాయనాలకూ పట్టీ పోగులు బలం కోల్పోతాయి, పైకి మాత్రం కొత్తదానిలా మెరుస్తుంది. అలా ఉతికేసిన పట్టీలను మార్చాలి, మార్చడానికి దొరకకపోతే సీటునే మార్చాలి.

అరకు మాట వచ్చింది కనుక ఇంకొకటి. చలికాలంలో అక్కడికి వెళ్లేటప్పుడు లావుపాటి స్వెట్టరు మీద పట్టీలు బిగిస్తే బిగుసుకున్నట్టు అనిపిస్తాయి కానీ కుదుపుకు ఆ ఉన్ని అణిగిపోయి పట్టీ వదులవుతుంది. పలుచని బట్టల మీద పట్టీలు బిగించి, ఆపైన దుప్పటి కప్పండి.

చిన్న ప్రమాదం జరిగింది. సీటు బాగానే కనిపిస్తోంది. మార్చాలా?

అమెరికా రహదారి భద్రతా సంస్థ దీనికి స్పష్టమైన గీత గీసింది. ఓ మోస్తరు ప్రమాదమైనా, పెద్ద ప్రమాదమైనా సీటు మార్చాల్సిందే. చిన్న ప్రమాదమైతే మార్చనక్కరలేదు. అయితే చిన్నది అనడానికి అయిదు షరతులూ ఒకేసారి నెరవేరాలి: కారును అక్కడినుంచి నడుపుకుంటూ వెళ్లగలగాలి, సీటుకు దగ్గరగా ఉన్న తలుపు దెబ్బతినకూడదు, కారులో ఎవరికీ గాయం కాకూడదు, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకూడదు, సీటు మీద కంటికి కనిపించే దెబ్బ ఉండకూడదు. కొన్ని కంపెనీలు ఇంతకంటే కఠినంగా ఉండి, ఎంత చిన్న ప్రమాదానికైనా మార్చమంటాయి. అప్పుడు కంపెనీ మాటే చెల్లుతుంది.

సిరిపురం కూడలి దగ్గర సిగ్నల్‌కు ఆగి ఉన్న మా కారును వెనుకనుంచి ఒక వ్యాను గుద్దింది. డిక్కీ తలుపు సొట్టపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు, పిల్లలు ఆ సమయంలో కారులో లేరు. ఖాళీ సీటే కదా అని వారం రోజులు అలాగే వాడాను. తరువాత కవరు ఉతకడానికి విప్పితే లోపలి నురుగు అడ్డంగా పగిలి రెండు ముక్కలైంది. బయటికి గీత కూడా లేదు. నేను కోసి పారేశానన్న సీటు అదే. కంటికి కనిపించే దెబ్బ లేదనే ముందు కవరు విప్పి చూడాలని నేను పట్టుబట్టడానికి కారణం ఆ వారం రోజులే.

కారు బీమా క్లెయిమ్ చేసేటప్పుడు సీటు బిల్లు కూడా జతచేసి అడగండి. మా బీమా కంపెనీ ఇవ్వలేదు, కానీ అడగడానికి ఖర్చేమీ లేదు.

కారులోకి వరద నీరు వచ్చింది. ఆరబెడితే సరిపోతుందా?

సరిపోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊరు ఎలా ఉందో చూసినవారికి ఈ ప్రశ్న వింతగా అనిపించదు. తుపాను నీటిలో బురద, మురుగు, నూనె, ఉప్పు అన్నీ కలిసి ఉంటాయి. నురుగు పొరల మధ్యకూ, బకిల్ స్ప్రింగుల్లోకీ చేరిన ఆ మడ్డిని ఇంట్లో ఎవరమూ పూర్తిగా కడగలేం. మునిగిన సీటును పారేయాలి.

పెద్దవాడి సీటు చిన్నదానికి వాడవచ్చా? బంధువులు ఇచ్చినదైతే?

మీ ఇంటి సీటే అయితే, గడువు మిగిలి ఉంటే, పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గితే నిశ్చింతగా వాడండి. బంధువుల సీటైతే మొహమాటం పక్కనపెట్టి మూడు సంగతులు అడగాలి: ఎప్పుడు తయారైంది, ఎప్పుడైనా ప్రమాదంలో ఉందా, అన్ని భాగాలూ మాన్యువల్‌తో సహా ఉన్నాయా. వదినగారు ప్రేమతో ఇచ్చిన సీటును తిరగేసి తేదీ చూడటం కష్టమే, అందుకని ఆవిడ వెళ్లాక చూడండి. ముక్కూ ముఖం తెలియనివారు ఆన్‌లైన్‌లో అమ్మే పాత సీటు చరిత్ర మాత్రం ఎవరికీ తెలియదు, దాన్ని కొనకండి.

అమెరికా నుంచి మా అన్నయ్య తెచ్చిన సీటు మన కారుకు పనికివస్తుందా?

విశాఖలో ఇది ఇంటింటి ప్రశ్న. ఆ సీట్లు అక్కడి ప్రమాణానికి తయారైనవి, నాణ్యతలో లోటు ఉండదు. చిక్కు బిగింపులో ఉంది. అక్కడి కార్లలో సాధారణంగా వెనుక సీటుబెల్టును చివరిదాకా లాగితే తాళం పడినట్టు బిగిసి, మళ్లీ వదులు కాకుండా పట్టి ఉంటుంది. మన కార్లలో చాలావాటిలో బెల్టు కుదుపు వచ్చినప్పుడు మాత్రమే పట్టుకుంటుంది, మిగతా సమయమంతా వదులుగా జారుతూ ఉంటుంది. మీ బెల్టు ఏ రకమో ఇంట్లోనే తెలుస్తుంది: నెమ్మదిగా చివరిదాకా లాగి, కొద్దిగా లోపలికి వదిలి, మళ్లీ లాగండి. మళ్లీ బయటికి వస్తే తాళం లేనట్టు. అప్పుడు సీటులోనే బెల్టును పట్టి ఉంచే బిగింపు ఉందో లేదో చూసుకోవాలి. అదీ లేకపోతే, కారులోని ఐసోఫిక్స్ కడ్డీలకు తగిలించే పట్టీలను మాన్యువల్ ఒప్పుకున్నంత బరువు వరకు వాడుకోవాలి. ఏ విధంగానైనా బిగించాక, బెల్టు పోయే చోట సీటును పట్టుకుని పక్కలకూ ముందుకూ కదిపితే 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు. కదిలితే, ఎన్ని వేల మైళ్లు మోసుకొచ్చినా అది మీ కారుకు తగిన సీటు కాదు.

కొత్త కారు కొన్నాం. పాత సీటు అలాగే వాడవచ్చా?

వాడవచ్చు, కొత్త కారులో కుదురుగా కూర్చుంటే. కార్ల భద్రతకు నక్షత్రాలు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరు 1న మొదలయ్యాయి, వాటిలో పిల్లల భద్రతకు విడిగా 49 మార్కులు ఉన్నాయి. కారు కొనేముందు పెద్దల నక్షత్రాలతో పాటు పిల్లల నక్షత్రాలు కూడా అడగండి. షోరూముకు వెళ్లేటప్పుడు సీటును వెంట తీసుకెళ్లి బిగించి చూడటం ఇంకా మేలు. సేల్స్ కుర్రాడు విచిత్రంగా చూస్తాడు, ఫరవాలేదు.

ముందు సీటులో పెట్టవచ్చా?

పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ఎదుట వెనక్కి తిరిగిన సీటును ఎన్నడూ పెట్టకూడదు, తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ దెబ్బకు బిడ్డ ప్రాణమే పోవచ్చు. పిల్లల చోటు వెనుకే.

ముందుకు తిప్పాక పట్టీల సీటు నుంచి బూస్టర్‌కు, అంటే కారు బెల్టు సరిగ్గా పడేలా బిడ్డను ఎత్తులో కూర్చోబెట్టే సీటుకు, ఎప్పుడు మారాలి?

భుజాలు పై పట్టీ రంధ్రాల కంటే పైకి పోయినప్పుడు, చెవుల పైకొన సీటు పై అంచును అందుకున్నప్పుడు, లేదా బరువు హద్దు దాటినప్పుడు. వెనక్కి తిరిగి ఉన్నంతకాలం పట్టీలు భుజానికి సమంగా లేదా కాస్త దిగువనుంచి రావాలి, ముందుకు తిప్పాక సమంగా లేదా కాస్త ఎగువనుంచి రావాలి. ఈ మార్పు చేయడం మరచిపోయేవారే ఎక్కువ. భుజం దగ్గర పట్టీని వేళ్లతో మడిచి పట్టుకోగలిగితే ఇంకా వదులుగా ఉన్నట్టు.

బరువు చాలినా బుద్ధి చాలాలి. బూస్టర్‌లో పట్టేది కారు బెల్టే కనుక, దారంతా నిటారుగా కూర్చోగల ఓర్పు లేని పిల్లవాడిని ఇంకొన్నాళ్లు పట్టీల సీటులోనే ఉంచండి. నడుముకు మాత్రమే బెల్టు ఉన్న చోట బూస్టర్ వాడకూడదు.

బూస్టర్ ఎప్పుడు మానేయవచ్చు?

సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చాక. వీపు పూర్తిగా ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దగ్గర మడవాలి, కింది బెల్టు పొట్ట మీద కాకుండా తొడల మీద పడాలి, పై బెల్టు మెడను తాకకుండా భుజం మధ్యనుంచి పోవాలి. చాలామంది పిల్లలకు ఇది పదేళ్లు దాటాకే కుదురుతుంది. మా పెద్దవాడు స్నేహితులు నవ్వుతారని అయిదో తరగతిలో గొడవ చేశాడు. బూస్టర్ తీసి బెల్టు పెట్టి, అది వాడి మెడకు ఎక్కడ ఒరుసుకుంటోందో అద్దంలో చూపించాక ఒప్పుకున్నాడు.

చట్టం ఏం చెబుతోంది?

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలను సీటుబెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ భద్రపరచకుండా కారు నడిపితే 1000 రూపాయల జరిమానా. ద్విచక్ర వాహనం మీద 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లలకు హెల్మెట్, పట్టీ ఉండాలనీ, వేగం 40 కి.మీ. మించరాదనీ చెప్పే నిబంధన 2023 ఫిబ్రవరి 15న అమలులోకి వచ్చింది.

గడువు తీరిన సీటును ఏం చేయాలి?

ఎవరికీ ఇవ్వకండి, పాత సామాన్ల వాడికి అలాగే అమ్మకండి. అలా అమ్మినది వారం తిరగకుండా మరో ఇంటి కారులోకి చేరవచ్చు. కవరు తీసేసి, పట్టీలను కత్తెరతో రెండు మూడు చోట్ల కోసి, ప్లాస్టిక్ మీద మార్కరుతో "వాడకూడదు" అని పెద్దగా రాసి, ఆ తరువాతే చెత్త బండికి ఇవ్వండి. మా కాలనీకి వచ్చే బండి అతను ఇంత పెద్ద ప్లాస్టిక్‌ను తడి చెత్తతో కలపవద్దని చెప్పి, దాన్ని పక్కకు కట్టుకుని తీసుకెళ్లాడు.